ఆబిద్ హసన్ సఫ్రానీ

ఆబిద్ హసన్ సఫ్రానీ (ఏప్రిల్ 11, 1911 - ఏప్రిల్ 5, 1984) హైదరాబాదుకు చెందిన స్వాతంత్ర్య సమరయోధుడు, ఆజాద్ హింద్ ఫౌజు అధికారి, స్వతంత్ర భారత దౌత్యవేత్త. అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నేతాజీ సుభాష్ చంద్రబోస్ జర్మనీ నుండి ఆసియాకు జలాంతర్గామిలో చేసిన రహస్య ప్రయాణంలో ఆయన వెంట ఉన్న ఏకైక భారతీయుడు ఆబిద్ హసన్. యు-180 అనే జర్మన్ జలాంతర్గామిలో 1943 ఫిబ్రవరి 9న మొదలైన ఈ ప్రయాణం, హిందూ మహాసముద్రం నడుమ ఐ-29 అనే జపాన్ జలాంతర్గామికి మారి, మే 6న సుమత్రా సమీపంలోని సబాంగ్ రేవులో ముగిసింది. ఆ 86 రోజులలో నేతాజీ ఏమి చేశాడో, ఎలా గడిపాడో ఈనాడు మనకు తెలియడానికి ప్రధాన ఆధారం ఆబిద్ హసన్ చెప్పిన జ్ఞాపకాలే. "జై హింద్" నినాద రూపకర్తగా కూడా ఆయన ప్రసిద్ధుడు.

బాల్యము, కుటుంబ నేపథ్యము

ఆబిద్ హసన్ 1911 ఏప్రిల్ 11న హైదరాబాదులో జన్మించాడు. తండ్రి అమీర్ హసన్ నిజాం ప్రభుత్వంలో ఉద్యోగి. తల్లి ఫక్రుల్ హాజియా బేగం గాంధీజీ పట్ల, జాతీయోద్యమం పట్ల గాఢమైన అభిమానం కలిగిన మహిళ. నిజాం కొలువులో ఉన్న కుటుంబాలు బ్రిటిష్ వ్యతిరేకతను బాహాటంగా ప్రకటించడం ఆ రోజులలో అరుదు. అటువంటి కాలంలో ట్రూప్ బజారులోని వీరి ఇల్లు ఆబిద్ మంజిల్ విదేశీ వస్త్ర దహనానికి వేదిక అయ్యింది. అన్న బద్రుల్ హసన్ కూడా గాంధేయవాది, స్వదేశీ ఉద్యమ కార్యకర్త.

ఈ వాతావరణంలో పెరిగిన ఆబిద్ హసన్ యువకుడిగా ఉన్నప్పుడే శాసనోల్లంఘన ఉద్యమం పట్ల ఆకర్షితుడై, కొంతకాలం సబర్మతీ ఆశ్రమంలో గడిపాడు. అయితే అహింసామార్గం ఒక్కటే చాలదన్న భావన ఆయనలో క్రమంగా బలపడింది. పైచదువులకు హైదరాబాదు ఉన్నత కుటుంబాల పిల్లలు సాధారణంగా ఇంగ్లండుకు వెళ్ళేవారు. ఆబిద్ హసన్ మాత్రం జర్మనీని ఎంచుకొని, ఇంజనీరింగు విద్యార్థిగా అక్కడికి చేరాడు.

నేతాజీతో పరిచయము

1941 జనవరిలో కలకత్తాలోని గృహనిర్బంధం నుండి తప్పించుకున్న సుభాష్ చంద్రబోస్, కాబూలు, మాస్కోల మీదుగా ఏప్రిల్ 2న బెర్లిను చేరాడు. అదే సంవత్సరం నవంబరులో బెర్లినులో స్వతంత్ర భారత కేంద్రం ప్రారంభమయింది. జర్మనీలో ఉన్న భారతీయ విద్యార్థులను, ఉత్తర ఆఫ్రికా యుద్ధరంగంలో జర్మన్లకు చిక్కిన భారతీయ సైనికులను కూడగట్టడం దాని పని. బోస్ పిలుపు విన్న ఆబిద్ హసన్ తన చదువును మధ్యలోనే విడిచి ఆయన వద్ద చేరాడు. జర్మన్ భాష బాగా వచ్చినవాడు కావడంతో కార్యదర్శిగా, దుబాసీగా పనిచేశాడు.

యుద్ధఖైదీలతో ఏర్పడిన ఇండియన్ లీజియన్ (ఆజాద్ హింద్ లీజియన్) లో సైనికులను చేర్చుకొనే పనిలోనూ ఆయన పాలుపంచుకున్నాడు. బ్రిటిష్ భారత సైన్యంలో మతం, కులం, ప్రాంతం ప్రకారం దళాలను వేరువేరుగా ఉంచేవారు. లీజియన్‌లో అందరినీ కలిపి ఉంచాలన్నది బోస్ నిర్ణయం. అయితే సైనికులు ఒకరినొకరు పలకరించుకొనే తీరు కూడా మతాన్ని బట్టి మారుతూ ఉండేది. అందరికీ సమ్మతమైన పలకరింపు ఒకటి కావాలని అన్వేషిస్తూ, ఆబిద్ హసన్ "జై హిందుస్తాన్ కీ" అన్న మాటను కుదించి "జై హింద్" అని సూచించాడని, బోస్ దానిని వెంటనే ఆమోదించాడని ప్రతీతి. ఈ నినాదానికి ఆద్యుడు చెంపకరామన్ పిళ్ళై అని చెప్పేవారు కూడా ఉన్నారు.

యు-180 జలాంతర్గామి

1942 నాటికి జపాన్ ఆగ్నేయాసియాను ఆక్రమించింది. అక్కడ వేలాది భారతీయ యుద్ధఖైదీలు, లక్షలాది ప్రవాస భారతీయులు ఉన్నారు. భారత సరిహద్దుకు దగ్గరగా ఉండి పోరాడాలంటే తూర్పుకు వెళ్ళక తప్పదని బోస్ గ్రహించాడు. 1942 మే నెలలో హిట్లరును కలిసినప్పటికి జర్మనీ నుండి ఆశించిన రాజకీయ ప్రకటన రాదని కూడా ఆయనకు స్పష్టమయింది. విమాన ప్రయాణం ప్రమాదకరమని తేలడంతో సముద్రమార్గం మిగిలింది. అందుకు కేటాయించిన నౌక యు-180.

జర్మన్ నౌకాదళపు దూరశ్రేణి జలాంతర్గాములలో తొమ్మిదవ తరగతి ముఖ్యమైనది. ఆ తరగతిలోని "సి" రకం సుమారు 77 మీటర్ల పొడవు ఉండేది. దానిని సుమారు 11 మీటర్లు పొడిగించి "డి" రకాన్ని రూపొందించారు. ఇందులో రెండు ఉపరకాలున్నాయి. డి-2 దూరప్రయాణానికి ఉద్దేశించినది. అది గంటకు 12 నాట్ల వేగంతో 23,700 నాటికల్ మైళ్ళు వెళ్ళగలదు. డి-1 వేగానికి ఉద్దేశించినది. టార్పెడో పడవలలో వాడే ఆరు మెర్సిడెస్-బెంజ్ డీజిల్ ఇంజన్లను ఇందులో అమర్చారు. ఒక్కొక్కటి 20 సిలిండర్ల ఇంజను. అన్నీ కలిపి 9,000 అశ్వశక్తి. దీనితో నీటిపై వేగం దాదాపు 21 నాట్లకు (గంటకు సుమారు 38 కిలోమీటర్లు) చేరింది. కానీ ప్రయాణ పరిధి 12 నాట్ల వేగంతో 9,900 నాటికల్ మైళ్ళకు పడిపోయింది. అంటే డి-2 పరిధిలో సగం కూడా లేదు. పైగా ఆ ఇంజన్లు విపరీతంగా వేడెక్కేవి, దట్టమైన పొగ వదిలేవి. శత్రువు కంటపడకుండా తిరగడమే ప్రాణాధారమైన నౌకకు ఇది పెద్ద లోపం. డి-1 రకంలో యు-180, యు-195 అనే రెండింటిని మాత్రమే నిర్మించారు.

యు-180 నిర్మాణం బ్రెమెన్ నగరంలోని ఏజీ వేజర్ కర్మాగారంలో 1941 ఫిబ్రవరిలో మొదలై, అదే సంవత్సరం డిసెంబరు 10న జలప్రవేశం జరిగింది. 1942 మే 16న నౌకాదళంలో చేరింది. దాని కమాండరు వెర్నర్ ముసెన్‌బెర్గ్. ఇతర ముఖ్య వివరాలు ఇవి:

- పొడవు: 87.58 మీటర్లు
- వెడల్పు: 7.5 మీటర్లు
- బరువు (నీటి స్థానభ్రంశం): నీటిపై 1,610 టన్నులు, నీటి లోపల 1,799 టన్నులు
- నీటి లోపలి గరిష్ఠ వేగం: 6.9 నాట్లు (గంటకు సుమారు 13 కిలోమీటర్లు)
- టార్పెడో గొట్టాలు: ముందువైపు 4, వెనుకవైపు 2

ఆ కాలపు జలాంతర్గాములు నిరంతరం నీటి అడుగునే ఉండేవి కావు. నీటి లోపల బ్యాటరీలతో నడిచే విద్యుత్ మోటార్లు మాత్రమే పనిచేసేవి. డీజిల్ ఇంజన్లకు గాలి కావాలి కనుక, అవి నడవాలన్నా, బ్యాటరీలు మళ్ళీ నిండాలన్నా నీటిపైకి రావలసిందే. శత్రువుల కాపలా ఉన్నచోట పగలు మునిగి, రాత్రిపూట పైకి తేలి ప్రయాణించేవారు. అంటే ప్రమాదం ఎదురయినప్పుడు నౌక తప్పించుకోగలిగిన వేగం సైకిలు వేగానికి మించదు.

సముద్ర ప్రయాణము

తన వెంట తీసుకువెళ్ళడానికి బోస్ ఒక్క ఆబిద్ హసన్‌నే ఎంచుకున్నాడు. విషయం పరమ రహస్యం కనుక, ప్రయాణానికి సిద్ధం కమ్మన్న ఆదేశమే తప్ప, ఎక్కడికి, ఎలా అన్నది ఆబిద్ హసన్‌కు ముందుగా తెలియదు. స్వతంత్ర భారత కేంద్రం బాధ్యతలు స్వీకరించిన ఏ.సి.ఎన్.నంబియార్, జర్మన్ విదేశాంగ శాఖకు చెందిన కెప్లర్, వెర్త్ కీల్ రేవు వరకు వచ్చి వీడ్కోలు పలికారు. 1943 ఫిబ్రవరి 9న యు-180 బయలుదేరింది. నార్వే తీరం వెంట ఉత్తరానికి వెళ్ళి, బ్రిటిష్ దీవులను చుట్టి, అట్లాంటిక్ మహాసముద్రంలో ప్రవేశించి, ఆఫ్రికా దక్షిణాగ్రం దాటి హిందూ మహాసముద్రం చేరడం మార్గం.

నౌకలో అటూ ఇటూ యంత్రాలు, నడుమ మనిషి పట్టేంత దారి తప్ప స్థలం లేదు. కూర్చోవడానికి, పడుకోవడానికి ఆ దారిపక్కనే ఉన్న పడకలే గతి. రొట్టె మొదలు కంబళ్ళ వరకు అన్నిటికీ డీజిలు వాసన పట్టింది. బోస్‌కు ఆ తిండి సహించడం లేదని గమనించిన ఆబిద్ హసన్ సరుకుల గదిలో వెదకి బియ్యం, పప్పు ఉన్న సంచిని కనిపెట్టాడు. వాటితో కిచిడీ వండిపెట్టసాగాడు. తీరా బోస్ దానిని జర్మన్ అధికారులకు కూడా పంచడం మొదలుపెట్టేసరికి, ఉన్న కాస్త నిల్వ అయిపోతుందేమోనని ఆబిద్ హసన్ కలవరపడ్డాడు.

ఇంత ఇరుకులోనూ బోస్ పని ఆపలేదు. భారత స్వాతంత్ర్య పోరాటంపై తాను రచించిన గ్రంథాన్ని సవరించడం, ఆసియాలో చేయబోయే ప్రసంగాలను సిద్ధం చేసుకోవడం, చెప్పి రాయించడం నిత్యకృత్యాలు. మహిళలతో ఒక సైనికదళాన్ని ఏర్పాటు చేయాలన్న ఆలోచనను గురించి కూడా ఈ ప్రయాణంలోనే చర్చించాడు. అదే తరువాత ఝాన్సీ రాణీ రెజిమెంటు అయ్యింది. జపాన్ ప్రధాని టోజోతో జరగబోయే సంభాషణకు సాధనగా, ఆబిద్ హసన్‌ను టోజో స్థానంలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగించుకొనేవాడు.

బోస్, ఆబిద్ హసన్‌లు ప్రయాణికులే అయినా నౌక యుద్ధనౌకే. ఏప్రిల్ 18న దక్షిణాఫ్రికాకు ఆగ్నేయ దిశలో యు-180 టార్పెడోలు ప్రయోగించి కోర్బిస్ అనే బ్రిటిష్ చమురు నౌకను ముంచివేసింది. ఆ నౌక సిబ్బందిలో అత్యధికులు మరణించారు. ప్రయాణంలో మరొక సందర్భంలో శత్రునౌక ఢీకొనేంత దగ్గరకు వచ్చి, జలాంతర్గామి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. నౌక అంతా కల్లోలంగా ఉన్న ఆ నిమిషాలలో తన చేతిలో కలం ఆగిపోయిందని, బోస్ మాత్రం తాను చెప్పిన వాక్యాన్నే మళ్ళీ చెబుతూ రాయమన్నాడని ఆబిద్ హసన్ తరువాతి కాలంలో గుర్తుచేసుకున్నాడు. ఈ ప్రయాణం మధ్యలోనే, ఏప్రిల్ 11న, ఆయనకు 32 సంవత్సరాలు నిండాయి.

నడిసముద్రంలో నౌక మార్పు

జపాన్ జలాంతర్గామి ఐ-29 ఏప్రిల్ 5న మలయాలోని పెనాంగ్ నుండి బయలుదేరింది. ఏప్రిల్ 26న మడగాస్కరుకు ఆగ్నేయాన రెండు నౌకలు కలుసుకున్నాయి. సముద్రం అల్లకల్లోలంగా ఉండడం వలన రెండూ దగ్గరకు చేరే వీలు లేక, కొంతకాలం పక్కపక్కనే ప్రయాణించాయి. చివరకు ఏప్రిల్ 28న బోస్, ఆబిద్ హసన్ ఒక రబ్బరు తెప్పలో, పెద్ద అలల మధ్య నిలువెల్లా తడుస్తూ జపాన్ నౌకకు చేరారు. రెండు వేర్వేరు దేశాల జలాంతర్గాముల మధ్య పౌరులు మారిన సంఘటన ఆ యుద్ధం మొత్తంలో ఇదొక్కటేనని చరిత్రకారులు చెబుతారు.

ఆ రోజు మార్పిడి జరిగింది వీరిద్దరితోనే కాదు. ఎమి, తొమొనాగ అనే ఇద్దరు జపాన్ నౌకాదళ అధికారులు యు-180లోకి మారారు. బెర్లినులోని జపాన్ రాయబార కార్యాలయం కోసం సుమారు 2 టన్నుల బంగారం కూడా జర్మన్ నౌకకు చేరింది. జర్మన్ ఆయుధాల నమూనాలు, సాంకేతిక చిత్రాలు జపాన్ నౌకకు చేరాయి.

ఐ-29 పొడవు సుమారు 109 మీటర్లు. యు-180 కంటె పెద్దది, విశాలమైనది. అతిథుల కోసం జపాన్ సిబ్బంది పెనాంగులో భారతీయ మసాలా దినుసులు కొని తెచ్చారు. పదకొండు వారాల తరువాత ఆబిద్ హసన్‌కు, బోస్‌కు కారంగా ఉన్న భోజనం దొరికింది. మే 6న సబాంగులో దిగి, అక్కడి నుండి వారు విమానంలో టోక్యో వెళ్ళారు.

ఆ నౌకలు, వెనుక మిగిలినవారు

యు-180 తిరుగు ప్రయాణంలో జూన్ 3న బోరిస్ అనే గ్రీకు నౌకను ముంచి, జూలై మొదటి వారంలో ఫ్రాన్సులోని బోర్డో చేరింది. అది సముద్రంలో ఉండగానే, మే ఒక్క నెలలో జర్మనీ 41 జలాంతర్గాములను కోల్పోయింది. యు-180 ఇంజన్ల లోపం ఈ ప్రయాణంలో రుజువు కావడంతో దానిని, యు-195ను సేవ నుండి తప్పించి, ఇంజన్లు మార్చి, టార్పెడో గొట్టాలు తీసివేసి సరకు రవాణా నౌకలుగా మార్చారు. 1944 ఆగస్టులో తూర్పు దేశాలకు సరకుతో బోర్డో నుండి బయలుదేరిన యు-180 బిస్కే అఖాతంలో మునిగిపోయింది. అందులోని 56 మందీ మరణించారు. సముద్రంలో అమర్చిన మందుపాతర కారణమని చాలాకాలం భావించారు. నీటి లోపల ఇంజనుకు గాలి అందించే గొట్టం లోపం కారణం కావచ్చునన్న అభిప్రాయమూ ఉంది.

ఐ-29ను 1944 జూలై 26న లూజాన్ జలసంధి ప్రాంతంలో అమెరికా జలాంతర్గామి సాఫిష్ ముంచివేసింది. యు-195 మాత్రం జావా చేరి, 1945 మేలో జర్మనీ లొంగిపోయాక జపాన్ అధీనంలోకి వెళ్ళింది. తొమొనాగ 1945లో యు-234లో జపానుకు తిరిగి వెళ్తుండగా జర్మనీ లొంగుబాటు వార్త వచ్చింది. శత్రువుకు చిక్కడం ఇష్టంలేక ఆయన నౌకలోనే ప్రాణత్యాగం చేశాడు.

జర్మనీలో మిగిలిపోయిన ఇండియన్ లీజియన్ సైనికుల సంఖ్య రెండున్నర వేలకు పైమాటే. తమ నాయకుడు వెళ్ళిపోయిన సంగతి వారిలో చాలామందికి తరువాత గానీ తెలియలేదు. భారతదేశ విముక్తి కోసం చేరిన వారిని జర్మన్లు 1943లో హాలండుకు, ఆపై బోర్డో సమీపంలోని ఫ్రెంచి తీరానికి కాపలాకు పంపారు. 1944 ఆగస్టులో లీజియన్‌ను నాజీల వాఫెన్ ఎస్.ఎస్. అధీనంలోకి మార్చారు. జర్మనీ సహాయాన్ని కోరిన విధానంపై వచ్చే విమర్శలలో ఈ సైనికుల పరిస్థితి ముఖ్యమైనది. వారిని చేర్చుకున్నవారిలో ఒకరైన ఆబిద్ హసన్ జీవితకథలో కూడా ఇది విడదీయరాని భాగం.

ఆజాద్ హింద్ ఫౌజులో

1943 జూలై 2న బోస్ సింగపూరు చేరి, ఆజాద్ హింద్ ఫౌజు నాయకత్వం స్వీకరించాడు. అక్టోబరు 21న ఆజాద్ హింద్ ప్రభుత్వం ఏర్పడింది. రవీంద్రనాథ్ ఠాగూరు జనగణమన గీతం ఆధారంగా అందరికీ అర్థమయ్యే హిందుస్తానీలో ఒక జాతీయగీతం కావాలని బోస్ కోరగా, ముంతాజ్ హుస్సేన్, ఆబిద్ హసన్ కలిసి "శుభ్ సుఖ్ చైన్" గీతాన్ని కూర్చారు. కెప్టెన్ రామ్ సింగ్ ఠాకురీ దానికి బాణీ కట్టాడు.

"సఫ్రానీ" అన్న పేరు ఆయన స్వయంగా చేర్చుకున్నదే. పతాకం రంగుల విషయంలో హిందువులు కాషాయం కావాలని, ముస్లింలు ఆకుపచ్చ కావాలని వాదించుకున్నారు. చివరకు హిందూ సోదరులు తమ పట్టుదలను విడిచిపెట్టారు. ఆ ఔదార్యానికి ముగ్ధుడైన ఆబిద్ హసన్, వారు వదులుకున్న కాషాయాన్ని (ఉర్దూలో జాఫ్రాన్) తన పేరులో నిలుపుకున్నాడు.

1944లో ఇంఫాల్ దండయాత్రలో ఆయన పాల్గొన్నాడు. జూలైలో వెనుదిరగవలసి వచ్చినప్పుడు వర్షాలు, మలేరియా, ఆకలి ఫౌజును కాల్చుకుతిన్నాయి. ఆ తిరోగమనంలో వేర్వేరు ప్రాంతాల, మతాల సైనికులు ఒకరికొకరు ఆసరాగా నడిచిన తీరును ఆయన జీవితాంతం స్మరించుకున్నాడు. ఆ అనుభవాలు "ది మెన్ ఫ్రమ్ ఇంఫాల్" పేరుతో 1971లో కలకత్తాలోని నేతాజీ రీసర్చ్ బ్యూరో ద్వారా వెలువడ్డాయి.

1945 ఆగస్టు 17న సైగాన్‌లో బోస్ ఆఖరి ప్రయాణానికి జపాన్ విమానం ఎక్కినప్పుడు రెండు స్థానాలే లభించాయి. రెండవది హబీబుర్ రహమాన్‌కు దక్కింది. మూడు నెలల జలాంతర్గామి ప్రయాణంలో నీడలా వెంట ఉన్న ఆబిద్ హసన్, ఇతర సహచరులతో పాటు నేలమీదే నిలబడి వీడ్కోలు చెప్పవలసి వచ్చింది. మరునాడు ఆ విమానం తైపేలో కూలిపోయింది.

దౌత్యవేత్తగా

యుద్ధం ముగిశాక బ్రిటిష్ వారు ఆయనను నిర్బంధించారు. విడుదలై హైదరాబాదు చేరాడు. కొంతకాలం ఉద్యోగరీత్యా కరాచీలో ఉన్నా, దేశ విభజన తరువాత భారతదేశానికే తిరిగి వచ్చాడు. 1948లో భారత విదేశాంగ సర్వీసులో చేరి పలు దేశాలలో పనిచేశాడు. డెన్మార్కులో భారత రాయబారిగా వ్యవహరించి, 1969లో పదవీ విరమణ చేశాడు.

చివరి రోజులు

పదవీ విరమణ తరువాత హైదరాబాదులో స్థిరపడ్డాడు. నేతాజీ జీవితంపై పరిశోధన చేసేవారికి తన జ్ఞాపకాలను అందించాడు. 1984 ఏప్రిల్ 5న, 73వ పుట్టినరోజుకు ఆరు రోజుల ముందు, కన్నుమూశాడు. ఆయన పేరిట రాయదుర్గం ప్రాంతంలో సఫ్రానీ స్మారక పాఠశాల నెలకొల్పబడింది.

విశేషాలు

- ఈ పాఠశాల నిర్వాహకురాలు, హిమ్రూ, మష్రూ నేతకళల పునరుద్ధరణకు ప్రసిద్ధురాలు అయిన సురయా హసన్ బోస్ (1928-2021) ఆబిద్ హసన్ అన్న బద్రుల్ హసన్ కుమార్తె. ఆమె నేతాజీ సోదరుని కుమారుడు అరవింద బోస్‌ను వివాహమాడింది.
- హైదరాబాదులోని ఆబిడ్స్ ప్రాంతానికి ఆ పేరు ఈయన వలన రాలేదు. ఆరవ నిజాం కొలువులో ఉండి అక్కడ దుకాణం నడిపిన ఆల్బర్ట్ ఆబిద్ పేరు మీద అది ఏర్పడింది.
- సికింద్రాబాదులో పుట్టిన దర్శకుడు శ్యామ్ బెనగళ్ నేతాజీ జీవితంపై 2005లో విడుదల చేసిన హిందీ చిత్రంలో ఆబిద్ హసన్ పాత్ర ఉంది.